సైన్స్‌ను జనంలోకి తీసుకెళ్లడమే ఉద్యోగంగా: మొదటి అడుగు నుంచి జీతం దాకా

గ్రహణం వచ్చిన ప్రతిసారీ మన టీవీల్లో ఒక దృశ్యం తప్పదు. పళ్లెంలో నీళ్లు, మధ్యలో నిటారుగా రోకలి, చుట్టూ జనం. గ్రహణం పట్టినంతసేపూ నిలబడుతుందని, విడవగానే పడిపోతుందని నమ్మకం. అలాంటి ఒక గ్రహణం రోజు నేనూ ఓ కాలనీలో ఆ గుంపులో ఉన్నాను. "ఇది మామూలు రోజుల్లో కూడా నిలబడుతుందండీ" అన్నాను. ఎవరూ పట్టించుకోలేదు. ఒక పెద్దావిడ మాత్రం, "అయితే రేపొచ్చి నిలబెట్టు నాయనా, చూస్తాను" అంది. మర్నాడు పొద్దున్నే వెళ్లాను. అడుగు చదునుగా ఉన్న రోకలి కాబట్టి నాలుగైదు ప్రయత్నాల్లో నిలబడింది. ఆవిడ నన్ను మెచ్చుకోలేదు, వాదించనూ లేదు. లోపలికి వెళ్లి మనవడిని పిలుచుకొచ్చి, "ఇప్పుడు నువ్వు నిలబెట్టరా" అంది.

గ్రహణం రోజు నేను చెప్పింది నిజమే, కానీ దానివల్ల ఒరిగిందేమీ లేదు. పనికొచ్చింది మర్నాడు మళ్లీ వెళ్లడం. ఇలా వెళ్లడాన్నే జీతం వచ్చే పనిగా చేసుకోవచ్చా అని అడిగే కుర్రాళ్లు, అమ్మాయిలు ఇప్పుడు చాలామంది ఉన్నారు. చేసుకోవచ్చు. దారి మాత్రం బ్యాంకు పరీక్షలా తిన్నగా ఉండదు.

పేరు గురించి ఒక మాట. దీన్ని చాలాకాలం సైన్స్ కమ్యూనికేషన్ అన్నారు, ఇప్పుడు పబ్లిక్ ఎంగేజ్‌మెంట్ అంటున్నారు. బ్రిటన్‌లో 1985లో రాయల్ సొసైటీ వేసిన ఒక నివేదిక, జనానికి సైన్స్ మరింత అర్థమయ్యేలా చెయ్యాలంది. 2000లో అక్కడి పార్లమెంటు ఎగువ సభ కమిటీ ఒకటి, చెప్పడం చాలదు, జనంతో సంభాషించాలంది. మన దగ్గర ఈ రెండో పని అప్పటికే వీధుల్లో నడుస్తోంది. కేరళలో శాస్త్ర సాహిత్య పరిషత్తు 1962లో పుట్టింది. 1987లో భారత జన విజ్ఞాన జాతా దేశమంతా తిరిగింది. ఆ మరుసటి ఏడాదే ఆంధ్రప్రదేశ్‌లో జన విజ్ఞాన వేదిక మొదలైంది. అందుకే ఇంటర్వ్యూలో ఎవరైనా ఇది విదేశీ ఫ్యాషన్ అన్నట్టు మాట్లాడితే తడబడకండి.

1. ముందు ఏ గుమ్మం ఎక్కాలో తేల్చుకోండి

"సైన్స్ కమ్యూనికేటర్" అని ఒకే ఉద్యోగం ఎక్కడా ఉండదు. నాలుగైదు రకాల పనులకు కలిపి వాడే పేరది. ఒకదానికి పనికొచ్చే మనిషి ఇంకోదానికి పనికిరాకపోవచ్చు.

మ్యూజియాలు, సైన్స్ సెంటర్లు ఒక గుమ్మం. జాతీయ సైన్స్ మ్యూజియాల మండలి కేంద్ర సాంస్కృతిక శాఖ కింద పనిచేస్తుంది, ప్రధాన కార్యాలయం కోల్‌కతాలో. తిరుపతిలోని ప్రాంతీయ సైన్స్ సెంటర్ దానిదే. హైదరాబాద్‌లోని బిర్లా సైన్స్ సెంటర్ వేరే సంస్థ. మండలిలో క్యూరేటర్, ఎడ్యుకేషన్ అసిస్టెంట్, ఎగ్జిబిషన్ అసిస్టెంట్, టెక్నికల్ అసిస్టెంట్ లాంటి పోస్టులుంటాయి. ప్రభుత్వ స్కేలు, స్థిరమైన బతుకు. నోటిఫికేషన్లు మాత్రం తక్కువ, పోస్టులు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. వీటి మీదే కూర్చుని ఎదురుచూడకండి, వచ్చినప్పుడు వదలకండి.

రెండోది పరిశోధన సంస్థలు. ఈ విషయంలో హైదరాబాద్ ఉండటం మన అదృష్టం. సీసీఎంబీ (జీవకణాల మీద పరిశోధన), ఐఐసీటీ (రసాయనశాస్త్రం), ఎన్జీఆర్ఐ (భూభౌతికశాస్త్రం), జాతీయ పోషకాహార సంస్థ, టీఐఎఫ్ఆర్ హైదరాబాద్ కేంద్రం (మౌలిక పరిశోధన), పటాన్‌చెరులో ఇక్రిశాట్ (మెట్ట పంటలు), అన్నీ ఒక బస్ పాసులో తిరిగి రాగలిగిన దూరంలో ఉన్నాయి. ఇలాంటి చోట కమ్యూనికేషన్స్ ఆఫీసర్ పని అంటే ప్రెస్ నోట్లు రాయడం, శాస్త్రవేత్తను విలేకరి ముందు కూర్చోబెట్టడం, స్కూలు పిల్లల సందర్శనలు చూసుకోవడం, ఓపెన్ డే నడపడం, సోషల్ మీడియా. చాలావరకు కాంట్రాక్టు ఉద్యోగాలు, ప్రాజెక్టు ఉన్నంతకాలమే ఉంటాయి.

చాలామంది ఊహకు రాని గుమ్మం ఇంకోటుంది. హైదరాబాద్‌లోనే ఉన్న ఇన్‌కాయిస్, అంటే జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం, ఉపగ్రహాల సమాచారం చూసి ఏ ప్రాంతంలో చేపలు దొరికే అవకాశం ఉందో, అలలు ఎంత ఎత్తు లేస్తాయో మత్స్యకారులకు వాళ్ల భాషలోనే చెబుతుంది. పాఠం, ప్రదర్శన ఏమీ ఉండవు. సమాచారం తప్పయితే డీజిల్ దండగ, ఒక్కోసారి ప్రాణానికే ముప్పు. వాతావరణం, వ్యవసాయం, ప్రజారోగ్యం, ఈ మూడింటిలో ఇలాంటి పని చాలా ఉంది. దాని ప్రకటనల్లో మాత్రం "సైన్స్ కమ్యూనికేటర్" అన్న మాట కనిపించదు. "ఎక్స్‌టెన్షన్", "కమ్యూనిటీ", "అవుట్‌రీచ్", "ఫీల్డ్ కోఆర్డినేటర్" అనే మాటలతో వెతకండి.

నాలుగోది ఊళ్లు తిరిగే పని. కుప్పం దగ్గర 172 ఎకరాల క్యాంపస్ ఉన్న అగస్త్య ఫౌండేషన్ ఇందుకు పెద్ద ఉదాహరణ. వ్యాన్లలో, మోటార్ సైకిళ్ల మీద ప్రయోగ సామగ్రి వేసుకుని వాళ్ల మనుషులు ప్రభుత్వ బడులకు వెళ్తారు. కొత్తగా చేరేవాళ్లకు నేర్చుకునే చోటుగా దీన్ని మించింది తక్కువ, ఎందుకంటే ఏడాదిలో వందల క్లాసులు మీ గొంతు మీదుగా నడుస్తాయి.

ఐదోది మీడియా. పత్రికల్లో సైన్స్ పేజీలు చిక్కిపోయాయి. కానీ వాట్సాప్ పుకార్ల పుణ్యమా అని నిజనిర్ధారణ అనే కొత్త పని పుట్టింది. హైదరాబాద్‌కు చెందిన ఫ్యాక్ట్‌లీ లాంటి సంస్థలు తెలుగులోనూ ఈ పని చేస్తున్నాయి. బయాలజీ చదివి, తెలుగు శుభ్రంగా రాయగలిగిన మనిషి ఇలాంటి చోట దొరకడం కష్టం. ఆ కొరతే మీకు అవకాశం.

పాత సలహాల జాబితాల్లో విజ్ఞాన్ ప్రసార్ పేరు ఇంకా కనిపిస్తుంది. సైన్స్ ప్రచారం కోసం 1989లో పెట్టిన ఆ కేంద్ర సంస్థను 2023లో మూసేశారు. అక్కడికి దరఖాస్తు పంపి టైం వృథా చేసుకోకండి.

2. డిగ్రీ సంగతి

ఒక సైన్స్ సబ్జెక్టులో డిగ్రీ లేదా పీజీ చాలు. పరిశోధన సంస్థల కమ్యూనికేషన్ ఉద్యోగాలకు పీహెచ్‌డీ ఉంటే కలిసొస్తుంది. ఈ పని కోసమే పీహెచ్‌డీ చేస్తానంటే మాత్రం వద్దంటాను. ఐదారేళ్లు చిన్న కాలం కాదు. ఆర్ట్స్ చదివినవాళ్లు, బొమ్మలు వేసేవాళ్లు, నాటకాల వాళ్లు కూడా రావచ్చు. వాళ్లకు సైన్స్ చెప్పే తోడు కావాలి, అంతే.

3. మొదటి కార్యక్రమం ఈ ఏడాదే చెయ్యండి

కోర్సు అయ్యాక మొదలుపెడతాననుకోకండి. పైసా ఖర్చు లేకుండా చేయగలిగిన కార్యక్రమం ఒకటి ప్రకృతే ఏటా రెండుసార్లు ఇస్తోంది: నీడ లేని రోజు.

కర్కాటక, మకర రేఖల మధ్య ఉన్న ప్రతి ఊరికీ ఏడాదిలో రెండు రోజులు సూర్యుడు మిట్టమధ్యాహ్నం సరిగ్గా నడినెత్తికి వస్తాడు. నిటారుగా నిలబెట్టిన వస్తువుకు ఆ కాసేపు పక్క నీడ ఉండదు. హైదరాబాద్‌లో అది మే 9, ఆగస్టు 3 ప్రాంతంలో. దక్షిణానికి పోతే మొదటిది ముందుగా, రెండోది ఆలస్యంగా వస్తుంది. తిరుపతిలో ఏప్రిల్ చివరి వారం, ఆగస్టు మూడో వారం. ఢిల్లీకి ఇది ఎప్పటికీ రాదు. ఆ ముక్క చెప్పినప్పుడు మన పిల్లల మొహాల్లో కనిపించే గర్వం చూడాలి.

కావలసినవి: రెండు వైపులా సమంగా కోసిన జానెడు ప్లాస్టిక్ పైపు ముక్క, తెల్ల అట్ట, పెన్సిల్, దారానికి కట్టిన రాయి, పళ్లెంలో నీళ్లు. స్టీలు గ్లాసు వాడకండి. దాని అంచులు వాలుగా ఉంటాయి కాబట్టి నీడ లెక్క తప్పుతుంది. నేల సమంగా ఉందో లేదో పళ్లెంలో నీళ్లు చెబుతాయి, పైపు నిటారుగా ఉందో లేదో వేలాడే రాయి చెబుతుంది. ఈ రెండూ పిల్లలచేతే చేయించండి.

పదకొండున్నరకు మొదలుపెట్టి పది నిమిషాలకోసారి నీడ కొనను అట్ట మీద గుర్తు పెట్టించండి. దానికంటే ముందు ఒక పని ఉంది, చాలామంది మర్చిపోయేదీ అదే. నీడ ఎప్పుడు మాయమవుతుందో ప్రతివాళ్లూ తమ అంచనా ఒక చీటీ మీద రాసి మడిచి పెట్టాలి. అందరూ దాదాపు 12 గంటలు అనే రాస్తారు. హైదరాబాద్‌లో అది మే నెలలో 12.12కి, ఆగస్టులో 12.23కి జరుగుతుంది. 12 దాటినా నీడ ఇంకా కనిపిస్తుంటే మైదానంలో గుసగుసలు మొదలవుతాయి. మీ ప్రోగ్రాం అసలు మొదలయ్యేది అప్పుడు. ఎవరో ఒకరు "వాచీ తప్పా సార్?" అంటారు. మన దేశపు గడియారం 82.5 డిగ్రీల రేఖాంశానిదని, ఆ గీత కాకినాడ సమీపంలోంచి పోతుందని, హైదరాబాద్ దానికి నాలుగు డిగ్రీలు పడమర కాబట్టి సూర్యుడు ఇక్కడికి పదహారు నిమిషాలు ఆలస్యంగా వస్తాడని అప్పుడు చెప్పండి. ముందే చెబితే పాఠం అయిపోతుంది. మిగిలిన కొద్ది నిమిషాల తేడా భూమి సూర్యుడి చుట్టూ ఒకే వేగంతో తిరగకపోవడం వల్ల, వాలుగా ఉండటం వల్ల వస్తుంది. అడిగితేనే అక్కడిదాకా వెళ్లండి.

ఇంత బాగున్న కార్యక్రమంలోనూ రెండు చిక్కులున్నాయి. మే నెలలో బళ్లకు సెలవులు, పైగా నిప్పులు కురిసే ఎండ. అప్పుడు అపార్టుమెంటులోనో బస్తీలోనో పెట్టుకోండి. పెద్దలు కూడా వస్తారు. మజ్జిగ, టోపీలు, నీడపట్టు తప్పనిసరి, ఎవరినీ ఎండలో పావుగంటకు మించి ఉంచకండి. ఆగస్టులో బళ్లుంటాయి కానీ మబ్బులుంటాయి. అందుకని ఒక బంతి, దాని మీద మైనంతో అంటించిన అగ్గిపుల్ల, ఒక టార్చి సంచిలో పెట్టుకెళ్లండి. వాన పడితే గదిలో అదే ఆట ఆడించవచ్చు. నేను మొదటిసారి ఆ బంతి లేకుండానే వెళ్లాను. మూడు వందల మంది పిల్లలు, నల్లటి ఆకాశం, మైకు నా చేతిలో. ఆ టెన్షన్ మీకొద్దు.

బడిలో పెట్టాలంటే హెచ్ఎం గారి అనుమతి తీసుకోండి. పెద్ద ఎత్తున అయితే జిల్లా సైన్స్ ఆఫీసర్‌ను కలవండి. ఆ ఒక్క పరిచయంతో తర్వాత పది బళ్ల తలుపులు తెరుచుకుంటాయి.

4. తెలుగుతో కుస్తీ

ఇంగ్లిష్‌లో సైన్స్ చెప్పేవాళ్లకు కొదవలేదు. మీకు మార్కెట్లో విలువ తెచ్చేది తెలుగు. కానీ ఇంట్లో మాట్లాడినంత మాత్రాన తెలుగులో సైన్స్ చెప్పడం వచ్చెయ్యదు. తెలుగులో విజ్ఞాన పుస్తకాలు వేసిన విజ్ఞాన చంద్రికా మండలి 1906లో మొదలైనప్పటి నుంచీ శాస్త్రాన్ని తెలుగులో ఎలా చెప్పాలన్న ప్రశ్న నలుగుతూనే ఉంది.

పాఠ్యపుస్తకాల్లో స్థిరపడ్డ సంస్కృత పదాలు పరీక్షలో మార్కులకు పనికొస్తాయి, సందులో నిలబడి మాట్లాడేటప్పుడు కాదు. కిరణజన్య సంయోగక్రియ అన్న మాట విన్నవాళ్లలో సగం మంది తమ తరగతి గదిలోకి, అక్కడి బెత్తం దగ్గరికి వెళ్లిపోతారు. ఆకు ఎండతో తన అన్నం తానే వండుకుంటుందని మొదలుపెట్టి, ఆ వంటకు నీళ్లెక్కడివి, గాలి ఎందుకు అని అడుగుతూ పోతే చివర్లో ఆ పెద్ద మాట చెప్పినా ఎవరూ బెదరరు.

ఇంతకన్నా ప్రమాదకరమైనవి తెలిసిన మాటల్లా కనిపించేవి. "క్రిమి" అంటే చాలామందికి కంటికి కనిపించే పురుగు. వైరస్‌ను క్రిమి అన్నారంటే, "మరి కనపడదేం?" అన్న ప్రశ్న రావడంలో తప్పేముంది? "వాతావరణం" అన్న మాట ఇవాళ్టి వానకూ వాడతాం, ముప్పై ఏళ్ల మార్పుకూ వాడతాం. అందుకే "వాతావరణం మారుతోంది" అనగానే రైతు ఆకాశం వైపు చూసి, "అవును, సాయంత్రానికి పడేలా ఉంది" అంటాడు. నేను "ఏళ్ల తరబడి ఎండా వానల తీరు" అని చుట్టు తిరిగి చెబుతాను. పొడవైన మాటే, కానీ అర్థం తప్పిపోదు. "సిద్ధాంతం" మరీ ఘోరం. పరిణామ సిద్ధాంతం గురించి మాట్లాడుతుంటే ఓసారి ఒక పెద్దాయన, "ఏ సిద్ధాంతి గారు చెప్పారు బాబూ?" అని నిజంగానే అడిగారు. ముహూర్తాలు పెట్టే సిద్ధాంతి, ఆయన గణనలు, నేను చెప్పే డార్విన్ ఆయన లెక్కలో ఒకటే కోవ. తప్పు ఆయనది కాదు.

డీఎన్ఏ, టీకా, వైరస్, ఆక్సిజన్ జనం నోట్లో ఉన్న మాటలే. వాటిని అనువదించే పని పెట్టుకోకండి. రాసింది ఏదైనా పైకి చదివి వినిపించండి, అదీ సైన్స్ చదవని మనిషికి. మా ఇంట్లో ఆ పరీక్ష మా అత్తయ్య పెడుతుంది. ఆవిడ మధ్యలో లేచి పొయ్యి దగ్గరికి వెళ్లిందంటే ఆ పేరా కొట్టేస్తాను.

యాస గురించి కూడా చెప్పాలి. శ్రీకాకుళంలో పనిచేసే తెలుగు వేరు, ఆదిలాబాద్‌లో పనిచేసే తెలుగు వేరు. రాని యాసను అనుకరించకండి, వెక్కిరింపులా ఉంటుంది. మీ మాటే మాట్లాడుతూ వాళ్ల మాటలు నేర్చుకోండి. ఆదివాసీ గూడేల్లో గోండు, కోయ, సవర భాషల వాళ్ల దగ్గర తెలుగే పరాయి భాష అవుతుంది, అక్కడ ఊరి మనిషి ఒకరు మీతో కలిసి నడిపితే తప్ప లాభం లేదు.

5. చెప్పడం కాదు, వినడం నేర్చుకోవాలి

ఈ అడుగు ఎవరూ నేర్పరు. రెండు ఉదాహరణలు చెబుతాను.

తాగే నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లు, ఎముకలు పాడయ్యే జబ్బు ఫ్లోరోసిస్. మన దేశంలో దాన్ని మొదట గుర్తించింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో. తర్వాత ఆ పేరుతో ఎక్కువగా ముడిపడింది నల్గొండ. నాగపూర్‌లోని నీరీ, అంటే జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ, 1970లలో నీటి నుంచి ఫ్లోరైడ్ తీసే చవకైన పద్ధతి ఒకటి తయారుచేసింది. నీళ్లలో సున్నం, పటిక, బ్లీచింగ్ పౌడర్ కలిపి, కదిపి, తేరుకోనిచ్చి పైనీళ్లు వంచుకోవడమే. దాని పేరే నల్గొండ టెక్నిక్. ఆఫ్రికా దేశాలకూ వెళ్లింది. బోర్డు మీద గీసి చూపిస్తే పది నిమిషాల డెమో.

ఇప్పుడు ఇల్లాలి వైపు నుంచి చూడండి. పటిక ఎంత వెయ్యాలన్నది ఆ నీళ్లలో ఫ్లోరైడ్ ఎంత ఉంది, క్షారత ఎంత ఉంది అన్నదాన్ని బట్టి మారుతుంది. పక్క ఊరి కొలత ఈ ఊరికి పనికిరాదు. రోజూ కలపాలి, కదపాలి, ఆగాలి, అడుగున చేరిన మడ్డిని ఎక్కడో పారబోయాలి. ఈ పనంతా ఎవరి నెత్తిన పడుతుంది? మీరు వెళ్లి "ఇది చాలా సులువు" అన్నారంటే ఆవిడ తలూపి ఊరుకుంటుంది. "రోజూ ఇది చెయ్యడానికి మీకు ఎప్పుడు కుదురుతుంది?" అని అడిగితే అప్పుడు అసలు సంగతులు బయటికొస్తాయి. రుచి బాగోలేదంటుంది, బిందెలు చాలవంటుంది, కరెంటు వచ్చే టైముకే నీళ్లొస్తాయంటుంది. ఇవన్నీ రాసుకుని ఆ పద్ధతిని తయారుచేసిన ఇంజనీరుకు చేరవెయ్యడం మీ ఉద్యోగంలో సగం. జనానికి సైన్స్ మొయ్యడం ఒక్కటే అనుకుంటే మిగతా సగం వదిలేసినట్టే.

రెండోది ఉద్దానం. శ్రీకాకుళం జిల్లాలో కవిటి, సోంపేట, ఇచ్ఛాపురం చుట్టుపక్కల కొబ్బరి, జీడి తోటల ఊళ్లు. ఏళ్లుగా అక్కడ కిడ్నీ జబ్బు మనుషుల్ని తీసుకుపోతోంది. మామూలుగా ఈ జబ్బు తెచ్చే షుగర్, బీపీ లేనివాళ్లకూ వస్తోంది. ఎన్నో బృందాలు వెళ్లి నీళ్లు, మట్టి, రక్తం పరీక్షించాయి. కారణం ఇదీ అని ఒక్క మాటలో ఇంకా తేలలేదు. అలాంటి ఊరికి మీరు వెళితే మొదటి ప్రశ్నే "మాకెందుకొచ్చింది?" అని. తెలిసినట్టు నటిస్తే ఆ ఊరు మిమ్మల్ని మళ్లీ నమ్మదు. తెలియదని చెప్పి చేతులు దులుపుకుంటే ఇంకా పాపం. ఇంతవరకూ ఏ అనుమానాలు పరీక్షించారో, ఏది నిలబడలేదో, ఏది ఇంకా చూస్తున్నారో వరసగా చెప్పగలగాలి. నొప్పి మాత్రలు ఇష్టమొచ్చినట్టు మింగొద్దని, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష మానొద్దని ఇవాళే చేయగలిగినవి చెప్పాలి. రక్తం తీసుకెళ్లిన బృందం ఫలితం చెప్పడానికి మళ్లీ ఊరికి వచ్చేలా వెంటపడాలి. పరిశోధన ప్రాజెక్టులో మిమ్మల్ని తీసుకుంటే, ఆ తిరిగి వచ్చే ప్రయాణానికి బడ్జెట్‌లో డబ్బు రాశారా అని మొదటి రోజే అడగండి. చాలా ప్రాజెక్టుల్లో ఉండదు.

దీనికి సాధన కావాలంటే శ్రీహరికోట వెళ్లండి. ప్రయోగాలు చూడటానికి 2019 నుంచి అక్కడ జనం కోసం గ్యాలరీ ఉంది, ముందుగా ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకోవాలి. రాకెట్ కనిపించేది కొద్ది నిమిషాలు, ఎదురుచూసేది గంటలు. ఆ గంటల్లో పక్కవాళ్లతో కబుర్లు పెట్టుకోండి. మీరు ఏమీ వివరించకండి, వాళ్లు అడిగేవి మాత్రం వాళ్ల మాటల్లోనే చిన్న నోట్‌బుక్‌లో రాసుకోండి. "అంత డబ్బు దానికెందుకు?" అనే మనిషీ ఉంటాడు, "పైకెళ్లాక ఆ మంట ఆరిపోతే?" అనే పిల్లా ఉంటుంది. ఈ ప్రశ్నల పుస్తకమే తర్వాత మీ వ్యాసాలకు, వీడియోలకు పెట్టుబడి. నావి ఇప్పటికి పదకొండు పుస్తకాలయ్యాయి.

6. నేర్చుకునే చోట్లు

జన విజ్ఞాన వేదిక లాంటి సంఘంలో ఒక ఏడాది వలంటీరుగా తిరగండి. వాళ్ల పిల్లల పత్రిక చెకుముకికి రాయండి, చెకుముకి టాలెంట్ టెస్టులు నడపడంలో చెయ్యి వెయ్యండి. జీతం ఉండదు. కానీ మండల స్థాయిలో ఒక కార్యక్రమం ఎలా నిలబడుతుందో, షామియానా దగ్గర్నుంచి వక్త బస్సు తప్పిపోవడం దాకా, అక్కడ తెలుస్తుంది.

హైదరాబాద్‌లో కార్యాలయం ఉన్న ఇండియా అలయన్స్, బెంగళూరులోని ఇండియా బయోసైన్స్ పరిశోధకులకు రాయడం, మాట్లాడటం నేర్పే వర్క్‌షాపులు పెడుతుంటాయి. పీహెచ్‌డీలో ఉన్నవాళ్లు వీటిని వదలకండి. బెంగళూరు సైన్స్ గ్యాలరీ తన ప్రదర్శనల్లో సందర్శకులతో మాట్లాడేందుకు యువతను మీడియేటర్లుగా తీసుకుంటుంది. సైన్స్ బోధన మీద పరిశోధన చేయాలనుంటే ముంబైలోని హోమీ భాభా సైన్స్ ఎడ్యుకేషన్ సెంటర్ ఉంది. విదేశాల్లో అయితే లండన్ ఇంపీరియల్ కాలేజీ 1991 నుంచి సైన్స్ కమ్యూనికేషన్‌లో ఎమ్మెస్సీ నడుపుతోంది, ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీలోనూ ఈ విభాగం ఉంది. స్కాలర్‌షిప్ దొరికితే వెళ్లండి. ఇల్లు తాకట్టు పెట్టి మాత్రం వద్దు, ఇక్కడికి తిరిగొచ్చాక ఈ పనిలో వచ్చే జీతంతో ఆ అప్పు తీరదు.

7. చూపించడానికి ఏముంది?

ఈ రంగంలో సర్టిఫికెట్ కన్నా చేసిన పని మాట్లాడుతుంది. నాలుగు వస్తువులు చాలు: ఎనిమిది వందల మాటల తెలుగు వ్యాసం ఒకటి, మూడు నిమిషాల వీడియో ఒకటి, జనంతో చేసిన కార్యక్రమం మీద రెండు పేజీల నివేదిక, ఒక పరిశోధన పత్రాన్ని మామూలు భాషలో చెప్పిన ఒక పేజీ.

నివేదికే చాలామంది పాడుచేసేది. ఫొటోలు, పత్రిక కటింగులు, "విద్యార్థులు ఉత్సాహంగా పాల్గొన్నారు" అనే వాక్యం. ఇంటర్వ్యూ చేసేవాళ్లు ఇలాంటివి వందలు చూసి ఉంటారు. దాని బదులు ఎంతమంది వచ్చారు, వచ్చినవాళ్లలో అమ్మాయిలెందరు, ముందు చీటీల్లో ఏం రాశారు, తర్వాత ఏం మారింది, ఏ ప్రశ్నకు మీ దగ్గర జవాబు లేదు, ఏది బెడిసికొట్టింది, ఇవి రాయండి. బెడిసికొట్టింది దాచకండి. వానలో మునిగిన నా ఆగస్టు ప్రోగ్రాం కథే ఒక ఇంటర్వ్యూలో నన్ను గట్టెక్కించింది.

8. డబ్బు

మొదటి రెండేళ్లు శాలువాలు బోలెడు వస్తాయి. నా దగ్గర ఇరవై పైనే ఉన్నాయి. శాలువాతో అద్దె కట్టలేం.

డబ్బు ఎక్కడ ఉందో తెలిసి అడగాలి. కంపెనీల చట్టం 2013 ప్రకారం ఒక స్థాయి దాటిన కంపెనీలు సగటు నికర లాభంలో 2 శాతం సామాజిక బాధ్యతకు ఖర్చు చెయ్యాలి, విద్య ఆ జాబితాలో ఉంది. ఒంటరి వ్యక్తికి వాళ్లు ఇవ్వరు కాబట్టి రిజిస్టరైన సంస్థతో కలిసి వెళ్లాలి. కేంద్ర సైన్స్ శాఖ 2022లో తెచ్చిన మార్గదర్శకాలు, ప్రతి శాస్త్రవేత్తా ఏడాదికి కనీసం 10 రోజులు సమాజం కోసం కేటాయించాలంటున్నాయి. చాలామంది ప్రొఫెసర్లకు ఆ పది రోజులు ఎలా గడపాలో తెలియదు. మీరు ఒక పక్కా ప్రణాళికతో వెళ్లి, "బడులు నేను చూసుకుంటాను, మీరు వచ్చి మాట్లాడండి" అంటే వాళ్లకూ మీకూ పని జరుగుతుంది. ప్రాజెక్టు ప్రతిపాదన రాసేటప్పుడే మీ పేరు, మీ గౌరవ వేతనం అందులో ఉండాలి. ప్రాజెక్టు మంజూరయ్యాక అడిగితే "బడ్జెట్‌లో ఆ హెడ్ లేదు" అంటారు.

ఫీజు ముందే, రాతలో. వచ్చి పోయే చార్జీలు, సామగ్రి ఖర్చు, మీ ఫీజు మూడూ విడివిడిగా రాసి మెయిల్ పెట్టండి. ఒక పెద్ద సంస్థ నాకు ఇవ్వాల్సిన డబ్బు, నోటిమాట మీద నమ్మి చేసినందుకు, ఐదు నెలలు తిప్పి తిప్పి ఇచ్చింది. ప్రైవేటు స్కూళ్ల దగ్గర పూర్తి ఫీజు తీసుకోండి, ప్రభుత్వ బడికి ఉచితంగా వెళ్లండి. ఒకదాని డబ్బుతో రెండోది నడుస్తుంది. రాతపని, అనువాదం, ట్యూషన్, ఏదో ఒక స్థిరమైన ఆదాయం మొదట్లో పక్కన ఉండాలి. ఉద్యోగం మానేసి దూకేయమని ఎవరైనా వేదిక మీద చెబితే చప్పట్లు కొట్టి ఇంటికి రండి.

ఫిబ్రవరి 28 సంగతి ప్రత్యేకం. రామన్ ఫలితం కనుగొన్న 1928 నాటి ఆ తేదీని 1987 నుంచి జాతీయ సైన్స్ దినోత్సవంగా జరుపుతున్నారు. ఆ వారం అందరికీ వక్త కావాలి, మిగతా ఏడాది ఎవరికీ అక్కర్లేదు. జనవరి మొదటి వారంలోనే మీ ప్రోగ్రాంల జాబితా, ఫీజు పంపండి. ఆ వారంలో సంపాదించింది ఏప్రిల్ దాకా ఆదుకుంటుంది.

9. నమ్మకాలు, గొడవలు, తప్పులు

మూఢనమ్మకం మీద దండయాత్రకు వెళ్తున్నట్టు వెళ్లేవాళ్లను చూశాను. కొందరికి అది పడుతుంది, నాకు పడదు. 2021 మేలో కృష్ణపట్నంలో కరోనా మందు కోసం వేలమంది బారులు తీరినప్పుడు వాళ్లను మూర్ఖులనడం చాలా తేలికైన పని. ఆ రోజుల్లో ఆసుపత్రిలో మంచం లేదు, ఆక్సిజన్ లేదు, బిల్లు లక్షల్లో. ఆ వరసలో నిలబడ్డ మనిషిది అజ్ఞానం కన్నా ఎక్కువగా గతిలేనితనం. అది గుర్తించకుండా మొదలుపెట్టిన ఏ మాటా ఆ మనిషి చెవికెక్కదు. "పరీక్ష జరగని మందు" అన్న ముక్క చెప్పాల్సిందే. ఎప్పుడు, ఏ గొంతుతో అన్నదే తేడా.

గ్రహణం రోజున ఎవరి వంటింట్లోకీ వెళ్లి తినమని బలవంతం చెయ్యకండి. మీరు తినండి, అడిగితే చెప్పండి. గర్భిణులను డెమోలో భాగం చెయ్యకండి. ఏమైనా జరిగితే, దానికి గ్రహణంతో సంబంధం లేకపోయినా, ఊరు మిమ్మల్నే అంటుంది. గ్రహణాన్ని చూపించేటప్పుడు ఎక్స్‌రే ఫిల్ములు, నల్ల కళ్లద్దాలు వద్దు. సరైన సోలార్ ఫిల్టర్ లేకపోతే అట్టకు సూది బెజ్జం పెట్టి నేల మీద పడే బొమ్మ చూపించండి.

రాజ్యాంగంలోని 51ఎ (హెచ్) శాస్త్రీయ దృక్పథాన్ని పౌరుల విధిగా చెప్పిందన్న సంగతి కాయితం మీద రాసి సంచిలో ఉంచుకోండి. అనుమతి దగ్గర కొర్రీ వేసే అధికారి ఎదుట అది పనికొస్తుంది. వీధిలో వాదనకు మాత్రం వాడకండి.

మీరు తప్పు చెబుతారు, ఖాయం. వీడియోలో తప్పు దొర్లితే గుట్టుగా తీసెయ్యకుండా, ఏది తప్పో, సరైనది ఏదో చెబుతూ కొత్తది పెట్టండి. బడిలో చెప్పింది తప్పయితే మళ్లీ వెళ్లండి. ఒకసారి నేను ఒక తరగతిలో, శీతాకాలంలో భూమి సూర్యుడికి దూరంగా ఉంటుందని నోరుజారాను. నిజానికి జనవరి మొదట్లోనే భూమి సూర్యుడికి దగ్గరగా ఉంటుంది. రాత్రి నిద్ర పట్టలేదు. రెండు రోజుల తర్వాత బస్సెక్కి వెళ్లి, హెచ్ఎం గారిని పది నిమిషాలు అడిగి, "మొన్న నేను చెప్పింది తప్పు" అన్నాను. వెనక బెంచీలో ఒక అమ్మాయి చెయ్యెత్తి, "మరి దగ్గరగా ఉంటే చలెందుకు సార్?" అంది. ఆ పది నిమిషాలు ముప్పావు గంటైంది. లెక్కల మాస్టారు తలుపు దగ్గర నిలబడి తన పీరియడ్ కోసం ఎదురుచూస్తూనే ఉన్నారు.